యాక్టింగ్ డ్రైవర్ సర్వీస్ రివ్యూ: 76 ఏళ్ళ మా నాన్నగారి కారుకి వాడి చూశాం

విజయవాడలో యాక్టింగ్ డ్రైవర్ల కోసం, అంటే మన కారు నడిపి పెట్టడానికి గంటల లెక్కనో రోజు లెక్కనో వచ్చే డ్రైవర్ల కోసం, ఎవరైనా వెతుకుతుంటే, ముఖ్యంగా ఇంట్లో పెద్దాయన ఇంకా కారు తీస్తూ ఉండి, ఆపమని చెప్పాలా వద్దా అని మీరు లోపల్లోపల నలిగిపోతుంటే, ఇది మీకోసమే రాస్తున్నా. మేం రెండు రకాలు వాడాం. ఒకటి ఫోన్‌లో యాప్ పెట్టుకుని గంటల లెక్కన డ్రైవర్ని బుక్ చేసుకునేది, రెండోది పటమటలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఆయన పంపించే డ్రైవర్లు. రెండింటి పేర్లూ రాయట్లేదు, ఇలాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, పేరు కన్నా ఏం చూసుకుని పెట్టుకోవాలో చెప్తే ఎక్కువమందికి పనికొస్తుంది. మార్కులు ముందే చెప్పేస్తా, యాప్‌కి 5కి 2.5, ట్రావెల్స్ ఆయనకి 5కి 4. అంత తేడా ఎందుకంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా నాన్నగారికి 76. ఇరిగేషన్‌లో చేశారు, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బందరు కాలవ, రైవస్ కాలవ గట్ల మీద డిపార్ట్‌మెంట్ జీపులో తిరిగిన మనిషి, డ్రైవర్ సెలవు పెడితే తనే నడుపుకుంటూ లాకుల దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది సిల్వర్ కలర్ వ్యాగన్ ఆర్, గేర్లది. ఆయనకి కారు షోకు ఎప్పుడూ లేదు. పామర్రు దగ్గర మా ఊళ్ళో కౌలుకిచ్చిన పొలం చూసి రావడం, పొద్దున్నే రైతుబజారు, అమ్మని గుడికి తీసుకెళ్ళడం, ఏడాదికోసారి వెళ్ళి పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి రావడం, ఇవన్నీ ఎవరినీ అడక్కుండా చేసుకోవడం ఆయనకి కావాలి. ఈ ఎవరినీ అడక్కుండా అన్న మాటే నేను సర్వీసుల్ని కొలిచిన కొలబద్ద.

మాకు అనుమానం వచ్చింది కారు ఎడమ పక్క గీతలు చూసి. వెనక డోరు మీద ఒకటి, బంపర్ చివర ఒకటి, రెండూ దాదాపు ఒకే ఎత్తులో, ఒకదాంట్లో మా గేటు స్తంభం తెల్ల సున్నం ఇంకా అంటుకుని ఉంది. ఎవరో బైక్‌వాడు గీసి ఉంటాడు అన్నారు నాన్నగారు, నిజంగానే అలా అనుకున్నారు, దాచడానికి చెప్పింది కాదు. ఆ సంక్రాంతికి నేను హైదరాబాద్ నుంచి వెళ్ళినప్పుడు వెనక సీట్లో కూర్చుని గమనించా. అమ్మ ముందు సీట్లో, ఒక చేత్తో డోరు పైన హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, "ఎడమ పక్క ఆటో అండీ", "సైకిలతను అండీ", "ఆగండాగండి బండొస్తోంది" అని దారి పొడుగునా చెప్తూనే ఉంది, ఆయన దానికి తగ్గట్టు బ్రేక్ వేస్తూ ఉన్నారు. ఇద్దరికీ అది ఎంత అలవాటైపోయిందంటే వాళ్ళకి తెలియను కూడా తెలియట్లేదు. అంటే ఆ కారుని ఇద్దరు కలిసి నడుపుతున్నారన్నమాట. మీ ఇంట్లో కూడా అమ్మ ఇలా చెప్తూ ఉంటే దాన్ని భయస్తురాలి మాటగా తీసెయ్యకండి, అన్నిటికన్నా ముందు కనిపించే గుర్తు అదే అని నా నమ్మకం. అమ్మ లేకుండా ఆయన ఒక్కరే వెళ్ళే రోజు ఆ ఎడమ పక్క ఎవరు చూస్తారు?

తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో "అక్కా, తాళాలు తీసి దాచెయ్, ఏదైనా అయ్యాక ఏడిస్తే లాభం లేదు" అన్నాడు. వాడి భయం నాకు అర్థమైంది, అంత దూరంలో ఉన్నవాడికి ప్రతి మిస్డ్ కాలూ గుండె జారేలా ఉంటుంది. కానీ నేను ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళు తన బండి తను నడుపుకున్న మనిషి దగ్గర తాళాలు దాచేస్తే ఆయన ఇంట్లో కూర్చుండిపోతారు, పొలం పోతుంది, రైతుబజారు పోతుంది, సాయంత్రం పార్కులో స్నేహితులు పోతారు. అలా కూర్చుండిపోయిన పెద్దవాళ్ళు ఏడాదిలో ఎంత డీలా పడిపోతారో మా బంధువుల్లోనే చూశాం. అలాగని రోడ్డు మీద స్కూలు పిల్లలు నడుస్తున్నారు, వాళ్ళ గురించి ఆలోచించకుండా ఉండలేం కదా.

లైసెన్స్ ఉంది కదా అంటారు చాలామంది, మా బాబాయి కూడా అదే అన్నారు. లైసెన్స్ సంగతి చెప్తా వినండి. మోటారు వాహనాల చట్టం 2019లో మార్చాక, 55 దాటినవాళ్ళకి రెన్యువల్ చేస్తే 5 ఏళ్ళకి ఇస్తారు. పై వయసు పరిమితి అంటూ ఏదీ లేదు, 80కీ ఇస్తారు, 85కీ ఇస్తారు. 40 దాటితే డాక్టర్ సంతకం పెట్టిన ఫారం 1ఏ ఇవ్వాలి. ఆ ఫారం చదివితే మంచి ప్రశ్నలే ఉంటాయి, 25 మీటర్ల దూరంలో కారు నంబర్ ప్లేటు పగటి వెలుతురులో చదవగలరా, రంగులు గుర్తుపట్టడంలో ఇబ్బంది ఉందా, రేచీకటి ఉందా, హారన్ వినపడుతుందా అని. కానీ మా నాన్నగారికి 74లో రెన్యువల్ అప్పుడు ఒక క్లినిక్‌లో బీపీ చూసి రెండు నిమిషాల్లో సంతకం పెట్టేశారు, నంబర్ ప్లేటూ లేదు ఏమీ లేదు. నడిపి చూపించమని కూడా ఎవరూ అడగలేదు, గడువు దాటి ఏడాది అయిపోతేనే మళ్ళీ టెస్ట్ అంటారు. సో కాగితం ప్రకారం ఆయన 79 దాకా నడపొచ్చు. తమ్ముడు ఉండే టెక్సస్‌లో 79 దాటితే మనిషే ఆఫీసుకి వెళ్ళి కళ్ళు చూపించుకుని రెన్యువల్ చేయించుకోవాలి, 85 దాటితే రెండేళ్ళకోసారి. జపాన్‌లో 75 దాటితే జ్ఞాపకశక్తి పరీక్ష కూడా పెడతారు. మన దగ్గర ఆ పని ఇంట్లోవాళ్ళే చెయ్యాల్సి వస్తోంది, ఇంట్లోవాళ్ళు చెప్తే గొడవ అవుతుంది.

అందుకని మేం బయటివాళ్ళతో చెప్పించాలనుకున్నాం. మొదట కంటి డాక్టర్. నాన్నగారికి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయిపోయింది, అక్షరాల చార్ట్ కింది వరస దాకా చదివేస్తారు, అందుకే ఆయనకి తన చూపు మీద అంత ధైర్యం. నేను డాక్టర్ గారికి గీతల ఫొటోలు చూపించా, అమ్మ మాటలు చెప్పా. ఆవిడ ఫీల్డ్ టెస్ట్, అంటే పక్క చూపు పరీక్ష, రాశారు. ఒక గిన్నె లాంటి దాంట్లో తల పెట్టి, మధ్యలో చుక్కనే చూస్తూ, పక్కల్లో ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలో బటన్ నొక్కాలి. నాన్నగారు బుద్ధిగా నొక్కారు, బయటికొచ్చి "అన్నీ కనిపించాయి" అన్నారు కూడా. రిపోర్ట్‌లో ఎడమ కంటికి కొంత మేర నల్లగా వచ్చింది. గ్లాకోమా, నీటికాసులు అంటారు మన వైపు, నొప్పి ఉండదు, ఎదురుగా చూపు బాగానే ఉంటుంది, పక్క చూపు మెల్లగా తగ్గుతుంది, మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు వేసుకోవాలి. నంబర్ ప్లేటు చదివించే పరీక్షలో ఇది దొరకదు. 60 దాటి కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఈ టెస్ట్ చేయించండి, గంటలో అయిపోయే పని.

మందులు కూడా ఒకసారి డాక్టర్‌కి చూపించండి. షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్ళు భోజనం లేటయితే షుగర్ పడిపోయి చేతులు వణుకుతాయి, బుర్ర పనిచెయ్యదు, అది స్టీరింగ్ మీద జరిగితే చాలా ప్రమాదం. జలుబుకి, నిద్రకి వేసుకునే కొన్ని మాత్రలు మర్నాడు పొద్దున దాకా మత్తుగా ఉంచుతాయి. మెడ అరిగి తల తిప్పలేకపోవడం ఇంకోటి, అద్దంలో కనిపించనిది మెడ తిప్పితేనే కదా కనిపించేది.

తర్వాత ఒక డ్రైవింగ్ స్కూల్లో మాట్లాడి, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూడా బ్రేక్ ఉండే కారులో ఆయన్ని కూర్చోబెట్టాం. నేర్చుకోవడానికని చెప్పలేదు, "సార్, మీ డ్రైవింగ్ ఒకసారి చూసి చెప్తాను" అన్నాడు ఆ ఇన్‌స్ట్రక్టర్ అబ్బాయి, చాలా మర్యాదగా. పటమట సందుల్లో తిప్పి, బందరు రోడ్డు ఎక్కించి, బెంజ్ సర్కిల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక నాతో కాదు, నేరుగా నాన్నగారితోనే చెప్పాడు. గేర్లు, క్లచ్ మీద కంట్రోల్ చాలా బాగుంది సార్, కాలనీలో ఇబ్బంది లేదు, కానీ మెయిన్ రోడ్డు మీద ఎడమ అద్దం ఒక్కసారి కూడా చూడలేదు, సర్కిల్ దగ్గర నేను ఒకసారి బ్రేక్ తొక్కాను, మీకు ఆ బస్సు కనిపించలేదు. నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అదే మాట నేను చెప్పుంటే ఇంట్లో రెండు రోజులు మాటలు ఉండేవి కావు, ఇంజనీర్ కదా, చూసినవాడు చూసింది చూసినట్టు చెప్తే ఒప్పుకుంటారు.

అప్పుడు కుదిరిన ఒప్పందం ఏంటంటే, చీకటి పడ్డాక నడపరు, వానలో నడపరు, బెంజ్ సర్కిల్ వైపు, హైవే వైపు వెళ్ళరు, పొద్దున రైతుబజారు దాకా కాలనీ రోడ్లలో నడుపుతారు. మిగతావాటికి డ్రైవర్. ఇక్కణ్ణుంచి అసలు రివ్యూ.

ముందు యాప్ పెట్టుకున్నాం, నేను హైదరాబాద్‌లో నా ఫోన్ నుంచి బుక్ చేసేదాన్ని. మంచి విషయాలు ముందు చెప్తా. రేటు ముందే కనిపిస్తుంది, బేరం ఉండదు. డ్రైవర్ ఫొటో, పేరు వస్తాయి, కారు ఎక్కడ ఉందో నాకు మ్యాప్‌లో కనిపిస్తుంది, డబ్బు నా ఖాతా నుంచే కట్ అవుతుంది. వచ్చిన డ్రైవర్లలో ఎక్కువమంది బాగానే నడిపారు. దూరంగా ఉన్న పిల్లలకి ఇది మహా సుఖం.

ఐతే సుఖం నాకే. నాన్నగారికి డ్రైవర్ కావాలంటే నాకు ఫోన్ చెయ్యాలి, నేను మీటింగ్‌లో ఉంటే ఆగాలి, నేను బుక్ చేశాక ఓటీపీ ఆయనకి చెప్పాలి, ఆయన డ్రైవర్‌కి చెప్పాలి. ఆయన ఫోన్లోనే యాప్ పెట్టి నేర్పించా, రెండు చోట్ల ఇంగ్లీషులో ఏదో అడిగేసరికి, పక్కకి తీసుకెళ్ళి ఇంకేదో ఆఫర్ చూపించేసరికి వదిలేశారు, అక్షరాలు కూడా చిన్నవి. ఒకరోజు "గుడికి వెళ్ళాలన్నా నీ పర్మిషన్ అడగాలామ్మా?" అన్నారు. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నారు, నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఆ వారం ఆయన గుడికి వెళ్ళలేదు, పొలానికీ వెళ్ళలేదు. ఇంకో వారానికి సాయంత్రం పూట మళ్ళీ తనే కారు తీశారని అమ్మ చెప్పింది. అంటే సర్వీసు సరిగ్గా లేకపోతే ఒప్పందం నిలబడదు, ఇది గట్టిగా చెప్తున్నా.

పైగా ప్రతిసారీ కొత్త మనిషి. ప్రతివాడూ సీటు వెనక్కి జరుపుతాడు, అద్దాలు తిప్పుతాడు, మర్నాడు పొద్దున నాన్నగారు రైతుబజారుకి వెళ్ళేటప్పుడు అన్నీ మళ్ళీ సర్దుకోవాలి, అద్దం సరిగ్గా లేకుండా బయల్దేరితే ఆయనకి ఉన్న ఇబ్బందికి అదొకటి తోడు. కొంతమంది ఈ మధ్య ఆటోమేటిక్ కార్లకి అలవాటుపడి పాత క్లచ్‌ని నలిపేస్తున్నారు. ఒకతను వచ్చీ రాగానే ఫోన్ స్టాండ్‌కి పెట్టుకుని మ్యాప్ చెప్పినట్టే వెళ్తా అన్నాడు, నాన్నగారు "ఆ దారిలో కాలవ వంతెన దగ్గర జామ్ ఉంటుంది బాబూ" అంటే వినలేదు, వెళ్ళి జామ్‌లో ఇరుక్కున్నారు. రెండుసార్లు చివరి నిమిషంలో క్యాన్సిల్ అయింది, అందులో ఒకటి అమ్మ డాక్టర్ అపాయింట్‌మెంట్ రోజు. కస్టమర్ కేర్ వాళ్ళు డబ్బు వెంటనే వెనక్కి ఇచ్చారు కానీ, ఎండలో గేటు దగ్గర రెడీ అయి నిలబడ్డ మనిషికి డబ్బు వెనక్కి ఇస్తే ఏం లాభం. 2.5 అందుకే ఇచ్చా.

ట్రావెల్స్ ఆయన సంగతి మా పక్కింటివాళ్ళు చెప్పారు. ఆఫీసంటే ఒక చిన్న గది, టేబుల్, గోడకి తిరుపతి, శ్రీశైలం టూర్ల బోర్డు, ఒక పొడుగు నోటు పుస్తకం. కార్లు అద్దెకిస్తారు, దాంతోపాటు మన కారుకి డ్రైవర్ని కూడా పంపిస్తారు. నాన్నగారు స్వయంగా వెళ్ళి మాట్లాడారు, నేను వెళ్ళలేదు, అలాగే చెయ్యమని మీకూ చెప్తున్నా. ఆయన ఒకటే ఫోన్ నంబరు ఇచ్చి "ముందు రోజు రాత్రి ఎనిమిదిలోపు చెప్పండి సార్, మీ వైపు అయితే నేను ఈ ఇద్దరినే పంపిస్తాను" అన్నారట. ఆ మాట మీద నిలబడ్డారు, ఇప్పటికీ దాదాపు ఎప్పుడూ ఆ ఇద్దరిలో ఒకరే వస్తున్నారు. ఎప్పుడైనా వేరే అతన్ని పంపాల్సి వస్తే ముందే ఫోన్ చేసి చెప్తారు.

ఆ ఇద్దరిలో పెద్దతను, నలభై ఐదేళ్ళుంటాయేమో, మొదటిసారి వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నా. బైక్ గేటు లోపల పక్కకి పెట్టి, చెప్పులు తుడుచుకుని కారెక్కాడు, ఎక్కకముందు టైర్లు ఒకసారి చూశాడు, ముందు అద్దం గుడ్డతో తుడిచాడు. నాన్నగారు ఎప్పుడూ కూర్చునే సీటు వదిలి ఎడమ పక్కకి వచ్చి కూర్చోవడం నేను చూడటం అదే మొదలు, ఆ డోరు హ్యాండిల్ ఎక్కడుందో చెయ్యి వెతుక్కుంది. బెల్ట్ పెట్టుకున్నాక ఆ డ్రైవర్ బండి స్టార్ట్ చెయ్యకుండా ఆగి, "బాబాయ్ గారూ, ఏ దారిన పోదాం?" అన్నాడు. నాన్నగారు కంకిపాడు మీదుగా, ఉయ్యూరు దగ్గర టీకి ఆగి, అని దారంతా చెప్పారు, అతను అలాగేనండీ అన్నాడు, బయల్దేరారు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నా, నాకు ఎంత రిలీఫ్ అనిపించిందో చెప్పలేను. ఎవరు స్టీరింగ్ పట్టుకున్నా ప్రయాణం ఆయనదే అని ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. ఏ సర్వీసు పెట్టుకున్నా డ్రైవర్ ఈ ప్రశ్న పెద్దాయన్ని అడుగుతున్నాడా, లేక వెనక కూర్చున్న పిల్లల్ని అడుగుతున్నాడా చూడండి.

మొదట్లో నాన్నగారు ఎడమ సీట్లో కూర్చుని లేని బ్రేక్ తొక్కేవారట, "స్లో, స్లో" అనేవారట. ఆ డ్రైవర్ విసుక్కోలేదు, నిజంగానే స్లో చేసేవాడు. కొన్నాళ్ళకి ఆ మాటలు తగ్గాయి. ఇప్పుడు దారి పొడుగునా చేలు చూస్తారు, ఎవరు ఊడ్చారు, ఎవరు కోశారు, ఏ కాలవకి నీళ్ళొదిలారు, ఇవన్నీ ఇంటికొచ్చి ఫోన్‌లో నాకు చెప్తారు. తను నడిపేటప్పుడు ఇవేవీ చూడటానికి వీలయ్యేది కాదు కదా అని ఆయనే అన్నారు. అమ్మ ఇప్పుడు వెనక సీట్లో కూర్చుని నిద్రపోతోంది, ఇన్నేళ్ళలో ఆవిడ కారులో నిద్రపోవడం నేను చూడలేదు.

రేట్లు మాకు పడింది చెప్తున్నా, మీ దగ్గర వేరేగా ఉండొచ్చు. ఊళ్ళో 4 గంటల దాకా 500, రోజంతా అయితే 900, రాత్రి తొమ్మిది దాటితే 200 ఎక్కువ, ఊరు దాటి వెళ్తే భోజనానికి బత్తా వేరే. హైదరాబాద్ దాకా కారు తెచ్చుకున్నప్పుడు ఒకవైపుకి 1500, అతను వెనక్కి రావడానికి బస్సు చార్జీ. కీసర నుంచి పంతంగి దాకా టోల్స్ మన ఫాస్టాగ్ లోంచే పోతాయి కాబట్టి దాంట్లో డబ్బు ఉందో లేదో చూసుకోండి. నెల జీతం డ్రైవర్ని కనుక్కుంటే 16 వేల పైన అడిగారు, వారానికి రెండు మూడుసార్లు వెళ్ళేవాళ్ళకి అంత అవసరం లేదు, పైగా జీతం ఇస్తున్నాం కదా అని పని లేకపోయినా పెద్దవాళ్ళు ఏదో ఒకటి వెతుకుతారు. మా నెల ఖర్చు ఐదారు వేలు దాటట్లేదు.

లోపాలు కూడా చెప్పాలి. ఇద్దరిలో చిన్నతను మొదట్లో నడుపుతూ ఫోన్ మాట్లాడాడు. నాన్నగారు ట్రావెల్స్ ఆయనకి చెప్పారు, తర్వాత ఆగింది, కానీ చెప్పాల్సి వచ్చింది. రసీదు అడిగితే తెల్ల కాగితం మీద రాసిస్తారు. ముందు రోజు చెప్పకపోతే దొరకడం కష్టం, అప్పటికప్పుడు ఒంట్లో బాగోలేకపోతే వీళ్ళ మీద ఆధారపడకండి, దానికి 108 ఉంది, ఎమర్జెన్సీలో పెద్దాయనే కారు తీసుకుని అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్ళే ఆలోచన కూడా చెయ్యొద్దని ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆ కంగారులోనే పెద్దవాళ్ళు ఒప్పందాలు మర్చిపోతారు. ఈ లోపాలకే ఒక మార్కు తగ్గించా.

పెట్టుకునే ముందు ఇవి చూసుకోండి. డ్రైవర్ లైసెన్స్ ఒరిజినల్ అడగండి, నంబరు, పుట్టిన తేదీ ఉంటే రవాణా శాఖ వాళ్ళ పరివాహన్ సైట్‌లో చెల్లుతుందో లేదో కనిపిస్తుంది. ప్రైవేటు కారు పాలసీ మామూలుగా మన అనుమతితో, చెల్లే లైసెన్స్ ఉన్న మనిషి ఎవరు నడిపినా పనిచేస్తుంది, లైసెన్స్ లేనివాడు నడిపితే మాత్రం క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. పెయిడ్ డ్రైవర్‌కి లయబిలిటీ అని చిన్న ప్రీమియంతో ఒక కవర్ ఉంటుంది, మీ పాలసీలో ఉందో లేదో ఏజెంట్‌ని అడిగి చేర్పించండి, మన పని మీద వచ్చిన మనిషికి ఏదైనా అయితే మనం చూసుకోవాలి కదా. మొదటి ప్రయాణంలో ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు కూడా ఉండండి.

ఇప్పుడు అసలు ఎప్పుడు పూర్తిగా ఆపాలి అన్న దానికి వస్తే, నా వరకు వయసు చూసి చెప్పే లెక్క కాదు అది. 65లో ఆపాల్సినవాళ్ళు ఉంటారు, 80లో పగటిపూట నిక్షేపంగా నడిపేవాళ్ళూ ఉంటారు. కానీ కొన్ని జరిగితే మాత్రం మెల్లగా తగ్గిద్దాం అనుకోకుండా ఆ రోజే ఆపించాలి. రోజూ వెళ్ళే దారిలో ఎటు తిరగాలో తెలియక ఆగిపోవడం, బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం, నడుపుతూ కళ్ళు తిరగడం, ఫిట్స్, షుగర్ పడిపోవడం, ఎవరికైనా తగిలిందన్న సంగతే తెలియకపోవడం. వీటిలో ఏది జరిగినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, డాక్టర్ సరే అనేదాకా తాళం మీ దగ్గరే ఉండాలి, అక్కడ మొహమాటపడొద్దు. తమ్ముడికి కూడా ఇదే చెప్పా, ఆ పరిస్థితి వస్తే దాచెయ్యమని వాడు అన్నది నేనే చేస్తానని.

మా ఇంట్లో ఇంకా అంతదాకా రాలేదు. ఫీల్డ్ టెస్ట్ ఆరు నెలలకోసారి రమ్మన్నారు, ఆ రిపోర్ట్ చూసి రైతుబజారు సంగతి కూడా డాక్టర్ గారే చెప్తారని నాన్నగారు తనంతట తనే ఒప్పుకున్నారు. ఈ మధ్య పొద్దున కూడా ఒక్కోరోజు నడిచి వెళ్తున్నారట, కూరలు ఎక్కువైతే ఆటోలో వస్తున్నారట. కారు అమ్మేద్దామా అని తమ్ముడు అడిగితే నేను వద్దన్నా. కారు ఇంట్లో ఉంటేనే డ్రైవర్ని పిలవాలనిపిస్తుంది, ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, వచ్చే దారిలో ఎవరింటికి వెళ్ళాలి అనేది ఆయన చేతిలో ఉంటుంది. క్యాబ్‌లో ఆ వీలు లేదు, ఎక్కించుకున్నచోట ఎక్కాలి, దించినచోట దిగాలి.

యాప్ సర్వీస్ ఎవరికి బాగుంటుందంటే, పెద్దవాళ్ళు ఫోన్ బాగా వాడేవాళ్ళైతే, హైదరాబాద్ లాంటి చోట డ్రైవర్లు ఎక్కువ దొరికేచోట, అప్పుడప్పుడు పెళ్ళికో ఎయిర్‌పోర్ట్‌కో అవసరమైతే. వారం వారం తిరిగే పెద్దాయనకి మాత్రం ఇంటికి దగ్గర్లో, పేరు పెట్టి పిలవగలిగే మనిషి నడిపే ట్రావెల్స్ వెతకండి, రేటు యాభై ఎక్కువైనా పర్లేదు. మీ పెద్దాయన్నే వెళ్ళి మాట్లాడనివ్వండి, నంబరు ఆయన ఫోన్లోనే సేవ్ చెయ్యండి, ల్యాండ్‌లైన్ ఉంటే దాని పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, డబ్బు కూడా ఆయన చేత్తోనే ఇప్పించండి. దసరాకి ఇంద్రకీలాద్రి రష్‌లో, సంక్రాంతికి, పెళ్ళిళ్ళ సీజన్లో డ్రైవర్లు అస్సలు దొరకరు, ఆ రోజులకి కనీసం పది రోజుల ముందే చెప్పి పెట్టుకోండి, వీలైతే కొంచెం అడ్వాన్స్ కూడా ఇచ్చెయ్యండి.